రన్నింగ్ రూమ్‌లో ఎవరూ పరుగెత్తరు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో పది ఇంగ్లీషు క్రియలు, వాటి పక్కన పది తెలుగు అర్థాలు వేశారు. మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ ముక్క కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది. మర్నాడు పొద్దున వరండాలో అటూ ఇటూ తిరుగుతూ “రన్ అంటే పరుగెత్తు, గెట్ అంటే పొందు, సెట్ అంటే అమర్చు” అని వల్లె వేస్తుంటే నేను కాఫీ తాగుతూ విన్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చి ఇంగ్లీషు వాచకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఒకావిడ భర్త పోయాక చిన్న హోటల్ ‘రన్’ చేసి ముగ్గురు పిల్లల్ని పెంచిందని ఉంది. “తాతయ్యా, హోటల్ని పరుగెత్తించడమేంటి?” అని అడిగింది. పిల్ల తప్పేమీ లేదు. మీరు వేసిన పట్టీని నమ్మింది, అంతే.

ఈ ఉత్తరం ఆ పట్టీ గురించే. కోపంతో రాయడం లేదు. మీ పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. కానీ ఒక్కో క్రియకు ఒక్కో అర్థం అని పిల్లలకు నేర్పితే తర్వాత ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. చాలా ఏళ్లుగా ఎవరికైనా చెప్పాలని ఉంది.

నేను రైల్వేలో గార్డుగా పనిచేసి 2014లో రిటైరయ్యాను. ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ మా తరానికి మేం గార్డులమే. మా ఊరు బిట్రగుంట. ఉద్యోగం మొత్తం ఈ ‘రన్’ అనే మాట చుట్టూనే తిరిగింది. డ్రైవర్లు, గార్డులు కలిపి ‘రన్నింగ్ స్టాఫ్’. తిరిగిన కిలోమీటర్లను బట్టి జీతంతో పాటు వచ్చేది ‘రన్నింగ్ అలవెన్స్’. స్టేషన్‌లోకి బండి సిగ్నల్ మీద వచ్చి సిగ్నల్ మీద పోయే లైన్ ‘రన్నింగ్ లైన్’. ఆగకుండా దాటిపోతే ‘రన్ త్రూ’. డ్యూటీ దిగాక పరాయి ఊళ్లో మేం పడుకునే చోటు పేరు ‘రన్నింగ్ రూమ్’.

రన్నింగ్ రూమ్ ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్తాను. తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడలో గూడ్సు బండి దిగి, పెట్టె అప్పజెప్పి, కాళ్లీడ్చుకుంటూ అక్కడికి వెళ్లేవాణ్ణి. వరసగా ఇనప మంచాలు, దోమతెరలు, పైన ఫ్యాన్ల చప్పుడు. ఇంటి దగ్గర మా ఆవిడ గుడ్డసంచిలో కట్టిచ్చిన బియ్యం, కందిపప్పు, నాలుగు ఎండు మిరపకాయలు వంటాయన చేతికిచ్చి, ఎన్నింటికి కావాలో చెప్పి పడుకోవడమే. ఎవరూ గట్టిగా మాట్లాడరు. పక్క మంచం మీదాయన గంట కిందటే పడుకుని ఉంటాడు, ఆ పక్కాయన ఇంకో గంటలో లేవాలి. టైమ్ అవగానే, డ్యూటీకి లేపే కాల్‌బాయ్ వచ్చి కాలి మీద మెల్లగా తట్టి, టార్చి వెలుగులో కాల్‌బుక్ పట్టుకుని సంతకం తీసుకుంటాడు. ఇంత నిశ్శబ్దంగా ఉండే చోటు రైల్వేలో ఇంకోటి లేదు.

ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడొకడు సెక్షన్ నేర్చుకోవడానికి, అంటే దారిలోని స్టేషన్లూ సిగ్నళ్లూ తెలుసుకోవడానికి, నా బ్రేక్‌వ్యాన్ (బండి చివర గార్డు ఉండే పెట్టె) ఎక్కాడు. మా గూడ్సు బండిని తెట్టు స్టేషన్ లూప్‌లో, అంటే వేరే బండ్లకు దారి ఇవ్వడానికి ఆపే పక్క లైన్లో పెట్టారు. వెనకాల వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు రెండు దాటితే గానీ మమ్మల్ని వదలరు. బ్రేక్‌వ్యాన్‌లో లైటుండదు. చెక్కబల్ల మీద ఇద్దరం కూర్చుని, హ్యాండ్ ల్యాంప్ మధ్యలో పెట్టుకుని, నా టిఫిన్ క్యారియర్ లోని పులిహోర పంచుకున్నాం. తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు. నాన్న వ్యవసాయ కూలీ. రూల్ బుక్‌లో ఏ పేరా అడిగినా తడుముకోకుండా చెప్తున్నాడు. మరి నలుగురిలో ఎందుకు నోరు విప్పవు బాబూ అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

ట్రైనింగ్‌లో మొదటి వారం పాఠం చెప్పే ఆయన రన్నింగ్ రూమ్ అంటే ఏమిటని అడిగారట. వీడు చెయ్యెత్తి, ఉద్యోగులు పరుగు ప్రాక్టీసు చేసే గది అన్నాడట. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. అక్కడితో ఊరుకోక, ట్రైనింగ్ అయిందాకా వీణ్ణి ‘పరుగు’ అనే పిలిచారు. “చిన్నప్పుడు మా సారు రోజుకు పది మాటలు బోర్డు మీద రాసేవారండీ. రన్ అంటే పరుగు అనే రాశారు. నేను ఒక్క మాట కూడా మర్చిపోలేదండీ” అన్నాడు. వాడి గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. మర్చిపోకపోవడమే వాడు చేసిన నేరం అయిపోయింది. ఆ తర్వాత వాడు క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మీ పట్టీ చూడగానే నాకు వాడే గుర్తొచ్చాడు.

రిటైరయ్యాక తీరిక దొరికింది. ఈ ఒక్క మాట సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. నేను భాషా పండితుణ్ణి కాను. డల్లాస్‌లో ఉండే మా అల్లుడు అక్కడి లైబ్రరీలో చూసి, కొన్ని పేజీలు ప్రింట్ తీసి, వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీ మొదటి కూర్పు భాగాలు భాగాలుగా 1884లో మొదలై 1928కి పూర్తయింది. అప్పుడూ, 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులోనూ అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన మాట ‘సెట్’. ఇప్పుడు చేస్తున్న మూడో కూర్పులో ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేల్చారు. పీటర్ గిలివర్ అనే ఆ డిక్షనరీ సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశారు. తొమ్మిది నెలలు! ఒక చదువుకున్న మనిషి రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్లి అదే మాట ముందు కూర్చుంటే అంతకాలం పట్టింది. మనం దాన్ని పిల్లలకు ఒక గీత గీసి, పక్కన ఒక్క ముక్క రాసి ఇస్తున్నాం.

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, మొదట ఇది ఒక్క మాట కాదు. పాత ఇంగ్లీషులో తనంతట తాను పారేదానికి, పరుగెత్తేదానికి ‘రిన్నన్’ అనేవారు. దాన్నే ‘ఇర్నన్’ అని కూడా పలికేవారు. అక్షరాలు చోటు మార్చుకున్నాయన్నమాట. ఇది చదవగానే మద్రాసు వైపు నాతో పనిచేసిన తమిళ డ్రైవర్లు గుర్తొచ్చారు. వాళ్లు ‘ఇరండు’ అంటారు, మనం ‘రెండు’ అంటాం. అలాంటిదే ఇదీ. ఇది కాక ఇంకో క్రియ ఉండేది, ‘ఎర్నన్’. ఒకదాన్ని పరుగెత్తేలా చేయడం, గుర్రాన్ని దౌడు తీయించడం దాని అర్థం. 9వ శతాబ్దంలో సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డ వైకింగులు తమ ‘రిన్నా’, ‘రెన్నా’ అనే మాటల్ని వెంట తెచ్చుకున్నారు. ఇరుగుపొరుగున ఉండి ఉండి ఇవన్నీ కాలక్రమాన ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ‘రన్’ మిగిలింది. జర్మన్‌లో మాత్రం ఇప్పటికీ నీళ్లు కారడానికి ‘రిన్నెన్’, మనిషి పరుగెత్తడానికి ‘రెన్నెన్’ అని విడివిడిగానే ఉన్నాయి.

ఇక్కడ తెలుగు పిల్లలకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. మన భాషలో తాను చేసే పనికి, ఎదుటిదానిచేత చేయించే పనికి మాట రూపమే మారుతుంది. బండి ఆగింది, నేను బండి ఆపాను. చక్రం తిరిగింది, చక్రం తిప్పాను. సామాను దిగింది, సామాను దింపాను. బండి నడిచింది, డ్రైవర్ బండి నడిపాడు. చిన్న పిల్లలు కూడా ఇందులో తప్పు చేయరు. ఇంగ్లీషులో ఒకప్పుడు ఇలాగే రెండు రూపాలుండి, తర్వాత ఒకటైపోయాయి. అందుకే బండి తనంతట పోయినా ‘రన్’, డ్రైవర్ నడిపినా ‘రన్’. హోటల్ నడిచినా ‘రన్’, ఆ తల్లి హోటల్ నడిపినా ‘రన్’. మా మనవరాలికి ఇలా చెప్పగానే “నడిచింది, నడిపింది... అంతేనా తాతయ్యా?” అంది. అంతే. కాకపోతే పట్టీలో ఆ ‘నడుపు’ అనే మాట లేదు.

అన్నట్టు, మన రైళ్లు నడుస్తాయి. స్టేషన్ మైకులో ‘నలభై నిమిషాలు ఆలస్యంగా నడుచుచున్నది’ అని వింటూనే ఉంటాం. హిందీలోనూ గాడీ ‘చల్తీ’ హై, అంటే నడుస్తుంది. తమిళులకు మాత్రం ‘ఓడుదు’, ఇంగ్లీషువాళ్లలాగే పరుగే. ఒకే పట్టాల మీద ఒకే బండి, గూడూరు దాటి తమిళనాడులోకి వెళ్తే నడక మానేసి పరుగందుకుంటుంది. భాషలు ఇలా వేర్వేరు దార్లు పట్టడం నాకు ఎంత ఆలోచించినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

‘రన్’ అనే మాటకు మొదటి నుంచీ నీళ్లతో చుట్టరికం ఉంది. మన ‘పారు’ చూడండి. కాలవ పారుతుంది, దొంగ పారిపోతాడు. నీటికీ కాళ్లకూ ఒకే మాట. సరిగ్గా ‘రన్’ లాగే. అయితే కొళాయి ‘రన్’ అయితే మనం పారుతోందనం, నీళ్లు వస్తున్నాయంటాం. ముక్కు ‘రన్’ అయితే కారుతోంది. ఉతికిన చీర రంగు ‘రన్’ అయితే రంగు దిగింది. పాలు గడ్డకట్టడానికి కూడా పాత ఇంగ్లీషులో ఈ కుటుంబం మాటే వాడేవారు. చీజ్ చేయడానికి పాలలో కలిపే ‘రెన్నెట్’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

యంత్రాలు వచ్చాక ఈ మాటకు పని బాగా పెరిగింది. మిల్లు రన్, మోటారు రన్, రైలు రన్, ఇప్పుడు కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రన్. సినిమా వంద రోజులు ‘రన్’ అయితే మనకు వంద రోజులు ఆడింది. ఇంట్లో బియ్యం ‘రన్ అవుట్’ అయితే మన ఆడవాళ్లు అయిపోయాయని నోటితో అనరు, నిండుకున్నాయి అంటారు. లేమిని నిండుతనంగా చెప్పే ఆ మాట ఏ డిక్షనరీలో ‘రన్’ పక్కన రాస్తారు? వాక్యం ఉంటేనే అది తడుతుంది. ఎన్నికలదీ అంతే. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ అవుతాడు. బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మనం బ్రిటన్ వాళ్లలాగా నిలబడతాం. డల్లాస్‌లో పుట్టిన నా రెండో మనవడు ఫోన్‌లో “తాతయ్యా, మీ ఊళ్లో ఎవరు పరుగెత్తుతున్నారు?” అని అడిగితే ముందు నాకు అర్థం కాలేదు. సర్పంచి ఎన్నికల గురించి అడుగుతున్నాడు.

తెలుగులో ‘పరుగు’ సరిగ్గా అతికిన చోటు క్రికెట్. అక్కడ కూడా బంతి బౌండరీ దాటితే బ్యాటర్ పూర్తిగా పరుగు తీయకపోయినా నాలుగు పరుగులే లెక్క.

ఇంకొక అర్థం ఉంది. రాయడం కష్టంగానే ఉంది కానీ రాయకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. పట్టాల మీద మనిషి బండి కింద పడితే మా రిపోర్టులో రాయాల్సిన మాట ‘మ్యాన్ రన్ ఓవర్’. పశువైతే ‘క్యాటిల్ రన్ ఓవర్’. పొడి అక్షరాల్లో ఎం ఆర్ ఓ, సి ఆర్ ఓ అని రాస్తాం. నా సర్వీసులో ఇలాంటి రిపోర్టులు చాలానే రాశాను. ఒకసారి ఉలవపాడు దాటాక, సంధ్యవేళ, ఒక ముసలాయన గేదెల్ని పట్టాలు దాటిస్తుంటే రెండు గేదెలు మా బండి కింద పడ్డాయి. బండి ఆగాక వెనక నుంచి దిగి వెళ్లాను. ఆయన పలుపుతాడు చేతిలో పట్టుకుని కంకర మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. “రెండూ పాలిచ్చేవే సారూ” అన్నాడు. అంతే అన్నాడు. నేను హ్యాండ్ ల్యాంప్ వెలుగులో, కిలోమీటర్ నంబర్, టైమ్ వేసి, ‘రన్ ఓవర్’ అని రాశాను. ఆ పూట ఆ మాట రాస్తుంటే చెయ్యి వణికింది. ఆయన ఇంటికెళ్లి చెప్పుకునేది ‘గేదెలు రైలు కింద పడ్డాయి’ అని. అందులో పరుగు ఎక్కడా లేదు. రెండు భాషల్లో ఒకే సంగతి. మాటలు మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు.

తెలుగు నేర్చుకునేటప్పుడు మనకు ఇలా పట్టీలు ఎవరూ ఇవ్వలేదు. ‘పెట్టు’ అనే క్రియే తీసుకోండి. అమ్మ అన్నం పెడుతుంది, బొట్టు పెడుతుంది, ముద్దు పెడుతుంది, ఆవకాయ పెడుతుంది. బాబాయి కిరాణా కొట్టు పెడతాడు. పురోహితుడు ముహూర్తం పెడతాడు, పిల్లకు పేరు పెడతాం, గుళ్లో దణ్ణం పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. పక్కింటాయన కేసు పెడతాడు. చలి పెడుతుంది, నొప్పి పెడుతుంది. ఫోన్ పెట్టేస్తాం. ఇన్ని అర్థాల్లో ఒక్కటి కూడా మనం బట్టీ పట్టలేదు. ఎవరి నోటనో, ఏదో ఒక వాక్యంలో, ఏదో ఒక పని జరుగుతుండగా విన్నాం. రేపు ఎవరైనా బయటివాళ్లు తెలుగు నేర్చుకుంటూ ‘పెట్టు అంటే ఉంచు’ అని ఒక్క ముక్క రాసుకుని మన ఊరొస్తే, ‘చలి పెడుతోంది’ అన్నప్పుడు చలిని ఎక్కడ ఉంచారా అని వెతుక్కుంటారు. మనం వాళ్లను చూసి నవ్వుతామా? కూర్చోబెట్టి చెప్తాం. తెట్టు లూప్‌లో నా ఎదుట కూర్చున్న కుర్రాడికి అలా చెప్పినవాళ్లు లేకపోయారు.

‘సెట్’కు, ‘గెట్’కు కూడా ఇలాంటి చరిత్రే ఉంది. పాత ఇంగ్లీషులో కూర్చోవడం ‘సిత్తన్’, కూర్చోబెట్టడం ‘సెత్తన్’. ఆ కూర్చోబెట్టడం నుంచే క్రియ ‘సెట్’ వచ్చింది. గాజుల సెట్, గిన్నెల సెట్ అని మనం వాడే నామవాచకంలో మాత్రం ఇంకో రక్తం కలిసింది. అది లాటిన్ ‘సెక్తా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట, ఒక బృందం అనే అర్థంలో. ‘గెట్’ వైకింగుల నుంచి వచ్చింది, చేజిక్కించుకోవడం దాని అర్థం. ‘ఫర్‌గెట్’లో ఉన్నది దాని పాత ఇంగ్లీషు చుట్టమే. చేతికి చిక్కింది జారిపోవడమే మర్చిపోవడం. ఇది మా మనవరాలికి చెప్పినప్పుడు, తను పెన్సిల్ పట్టుకున్న పిడికిలి మెల్లగా తెరిచి పెన్సిల్ కింద పడేసి, “ఫర్‌గెట్” అంది. ఆ మాట తను ఇంక మర్చిపోదు.

మా కోరిక పెద్దదేమీ కాదు. పది మాటలు వేసే చోట మూడే వేయండి. ఒక్కో దానికి నాలుగైదు వాక్యాలు ఇవ్వండి, కింద తెలుగులో మనం నిజంగా ఎలా అంటామో అలా రాయండి. ఇంగ్లీషు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన నోళ్లలోనే బోలెడన్ని ఉన్నాయి. చీరల కొట్లో ‘రన్నింగ్ బ్లౌజ్’ అంటారు, అంటే చీరతో పాటే జాకెట్టు ముక్క కలిసి వచ్చిందని. కాలేజీ పిల్లలు ‘రన్నింగ్ నోట్స్’ రాస్తారు, లెక్చరర్ చెప్తూ ఉండగానే. దర్జీ ‘రన్నింగ్ కుట్టు’ వేస్తాడు. కొట్టు బాగా సాగుతుంటే ‘రన్నింగ్‌లో ఉంది’ అంటాం. ఇవి తెలియని పిల్ల ఉండదు. వీటిలో ఆగకుండా సాగడం అనే అర్థం ఎలా దాగుందో ఒక్కసారి చూపిస్తే, వాచకంలో కొత్త వాక్యం వచ్చినప్పుడు తనే తర్కించుకుంటుంది. బట్టీ కొట్టిన ఒక్క ముక్కను పట్టుకుని నలుగురిలో అవమానపడదు.

పోయిన ఆదివారం నేనూ మా మనవరాలూ కూర్చుని ‘రన్’తో 41 వాక్యాలు రాశాం. నా డ్యూటీ డైరీల నుంచి కొన్ని, తన వాచకం నుంచి కొన్ని, మా ఆవిడ వంటింట్లోంచి చెప్పినవి కొన్ని. ప్రతిదానికీ తెలుగు కింద రాసింది మనవరాలే. నేను దిద్దింది రెండు చోట్ల. ఆ కాగితాలు నాలుగూ ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పనికొస్తాయనుకుంటే మీ పేజీలో వాడుకోండి, మా పేర్లు వేయనక్కర్లేదు. పద్నాలుగో వాక్యం మాత్రం తీసేయవద్దని మనవి. అది రన్నింగ్ రూమ్ గురించి.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే గార్డు,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా